హాలు మధ్య గట్టు

చిలకలూరిపేటకు కూతవేటు దూరంలో ఉన్న వేములమిట్ట గ్రామ ప్రజలకు, వారి బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా: జాన్ బాషా గారి కొత్త ఇంటి హాలు గోడలకు కోవా రంగు వేయాలా, జున్ను రంగు వేయాలా అన్న వివాదంలో ఉభయ పక్షాలూ పెద్దమనుషుల మాటకు కట్టుబడి ఉంటామని ఒప్పుకున్నాయి. కాబట్టి ఊళ్ళో ఎవరూ ఆందోళన చెందనవసరం లేదు. మిరప కోతలు యథావిధిగా సాగుతాయి. పత్తి తీతలకు పోయేవాళ్ళు పోవచ్చు. పంచాయతీ చూడదలచినవాళ్ళు మాత్రం ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుంటే మర్యాదగా ఉంటుంది.

రంగుల కంపెనీ వాడి కేటలాగులో వీటి పేర్లు వేరు. ఒకటి ఆల్మండ్ హష్, ఇంకొకటి శాండ్ విస్పర్. అంటే ఒకటి బాదం మౌనమట, రెండోది ఇసుక గుసగుసట. ఊరివాళ్ళకు నోరు తిరక్క మొదటిదాన్ని కోవా అన్నారు, రెండోదాన్ని జున్ను అన్నారు. మౌనం, గుసగుస అని పేర్లు పెట్టుకున్న ఈ రంగులు లేపినంత గోల ఆ ఊళ్ళో సర్పంచి ఎన్నికలు కూడా లేపలేదు. కేటలాగులో రెండూ పక్కపక్క గళ్ళలోనే ఉన్నాయి. రెండూ వెచ్చగా ఉంటాయని, కంటికి హాయినిస్తాయని, ఇంటిల్లిపాదికీ ప్రశాంతత కలిగిస్తాయని కింద రాసి ఉంది. అది రాసినవాడికి తోడబుట్టినవాళ్ళు ఉండి ఉండరు.

కోవా కావాలన్నది జాన్ బాషా భార్య రహమతున్నీసా. జున్ను కావాలన్నది ఆయన తమ్ముడు రసూల్ భార్య ఖుర్షిదా. రహమతున్నీసా కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఎవరో కొట్టించిన సున్నం గోడల మధ్యే వండి వార్చింది. ఒక రంగును తాను ఎంచుకోవడం ఆమె జీవితంలో ఇదే మొదలు. ఖుర్షిదా ఫోన్లో వీడియోలు చూసి వార్మ్ న్యూట్రల్ అనే మాట నేర్చుకుంది, నేర్చుకున్న మాటను వాడకుండా ఉండటం ఎవరికైనా కష్టమే. ఇద్దరూ ఎదుటివారి రంగును ఏనాడూ తిట్టలేదు.

"నీది బాగానే ఉందే ఖుర్షిదా, కాకపోతే మరీ పసుపు కొడతంది" అనేది రహమతున్నీసా.

"మీదీ బాగుందక్కా, కాకపోతే మబ్బు పట్టినట్టుంది" అనేది ఖుర్షిదా.

ఇంత మర్యాదగా మొదలైన తగాదా ఏదీ తేలిగ్గా తెగదని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ అనుభవజ్ఞుల్లో మొదటివాడు జాన్ బాషాయే.

జాన్ బాషా ఆ ఊరికి పెద్దమనిషి. పేటలో పురుగుమందుల షాపు ఉంది, ఊళ్ళో మిరప చేను ఉంది, వీటిని మించి మాటకు విలువ ఉంది. చుట్టుపక్కల ఎక్కడ గట్టు తగాదా వచ్చినా ఆయనకే కబురు వస్తుంది. గట్టు తగాదా అంటే ఏమిటో ఈ వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు గానీ, బస్తీ పాఠకుల సౌకర్యార్థం చెప్పడం ధర్మం. రెండు చేల మధ్య గట్టు ఉంటుంది. అది ఇద్దరిదీ. ఇద్దరిదీ కాబట్టి ఏటా దుక్కిలో ఇద్దరూ తమ తమ వైపు నుంచి కొంచెం కొంచెం చెక్కుకుంటారు. ఆ పైన ఎదుటివాడు చెక్కుతున్నాడని ఇద్దరూ పంచాయతీకి వస్తారు. విత్తనం వేయడం, మందు కొట్టడం ఎలాగో గట్టు చెక్కడం కూడా అలాగే. వ్యవసాయంలో అదొక పని.

ఎలాంటి తగాదాకైనా జాన్ బాషా దగ్గర మందు ఒకటే, చెరిసగం. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు ఒకే గేదె కోసం కొట్టుకుంటే పొద్దుటి పాలు అన్నకు, సాయంత్రం పాలు తమ్ముడికి అన్నాడు. గేదె వట్టిపోయిన రోజుల్లో మేత ఎవరు వేయాలో తీర్పులో లేదు కాబట్టి ఇద్దరూ వేయలేదు. గేదె చిక్కిపోయిన మాట వాస్తవమే గానీ ఇద్దరి వాటాలోనూ సమానంగా చిక్కిపోయింది. ఇంకోసారి వేపచెట్టు నీడను పొద్దుటి నీడ, సాయంత్రపు నీడ అని విడగొట్టాడు. ఆయన తీర్పుల్లో ఇద్దరూ ఒకే లెక్కన నష్టపోతారు. ఎదుటివాడు బాగుపడ్డాడే అని ఏడవవలసిన అగత్యం ఎవరికీ రాదు. ఇంతకన్నా న్యాయం ఇంకేముంటుంది?

ఇలా ఊళ్ళో ఉన్న అన్నదమ్ములందరికీ దగ్గరుండి పొయ్యిలు విడగొట్టించిన జాన్ బాషాకు తన ఇంట్లో మాత్రం పొయ్యి ఒకటే ఉండాలని పట్టుదల. తండ్రి చిన్నప్పుడే పోతే రసూల్‌ను ఆయనే ఎత్తుకుని పెంచాడు. కొత్త ఇల్లు కట్టించేటప్పుడు ఇటు అన్న గదులు, అటు తమ్ముడి గదులు, వెనక ఒకే వంటిల్లు, మధ్యలో పెళ్ళి జరిపించగలిగినంత హాలు పెట్టించాడు. రాత్రి ఆ హాల్లో దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరూ వరసగా కూర్చుని తినాలి. రసూల్ పక్కన లేకపోతే జాన్ బాషాకు ముద్ద దిగదు. ఆ పొయ్యి రెండయిన రోజున తన గతేమిటని ఆయనకు లోపల లోపల భయం. గట్టి మనిషని పేరుండటం వల్ల ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయింది.

తన ఇంటి తగాదాకు తానే తీర్పు చెప్పకూడదు కాబట్టి ముగ్గురు పెద్దమనుషులను పిలిపించాడు. వయసులో పెద్ద బాపయ్య, పొగాకూ మిరపా పండించే రైతు. ఖాదర్ మామగా అందరూ పిలిచే అబ్దుల్ ఖాదర్, మసీదు కమిటీ పెద్ద. మూడో ఆయన కోల్డ్ స్టోరేజీ యజమాని నాగేంద్రబాబు, మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడగలడు. హాల్లో కొత్త సోఫాలు ఉన్నాయి గానీ సోఫాల్లో కూర్చుంటే పంచాయతీ అవదు. షామియానా వాళ్ళ దగ్గర్నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి వేశారు. అందరికీ మిరపకాయ బజ్జీలూ కూల్‌డ్రింకులూ అందాక నాగేంద్రబాబు లేచి గొంతు సవరించుకున్నాడు.

"సభకు నమస్కారం. ఇయ్యాళ మనం ఒక గోడ ముందు కూర్చున్నాం. గోడంటే సామాన్య విషయం కాదు. కోటకి గోడ ఉంటది, కోల్డ్ స్టోరేజీకీ గోడ ఉంటది. నా కోల్డ్ స్టోరేజీ గోడలకి నేను తెల్లసున్నం కొట్టించా. ఎందుకంటే లోపలున్న కాయ ఎర్రగా ఉండాలి గానీ గోడ కాదు. ఆ సంగతట్టా ఉంచండి. రంగనేది మనిషి సంస్కారం. సంస్కారం లేని ఇంట్లో రంగు గురించి తగాదా రాదు. కాబట్టి ముందుగా ఈ తగాదా తెచ్చుకున్నందుకు ఈ కుటుంబాన్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తన్నా."

చప్పట్లు మోగాయి. తర్వాత పెద్దమనుషులు ప్రత్యక్ష పరిశీలనకు దిగారు. పెయింటర్ షఫీక్ గోడ మీద రెండు రంగులూ పక్కపక్కనే తలుపంత మేర వేసి ఉంచాడు. బాపయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. యార్డులో మిరపకాయ శాంపిలు చూసే అలవాటు కొద్దీ గోరుతో గీకి వాసన కూడా చూశాడు.

"బాగా తేడా ఉందయ్యా" అన్నాడు చివరికి.

"భూమికీ ఆకాశానికీ ఉన్నంత" అన్నాడు అబ్దుల్ ఖాదర్.

"ఈ ఎడం పక్కది కోవా గదా. చూడంగానే తెలిసిపోతంది" అన్నాడు నాగేంద్రబాబు.

"అది జున్నండి" అంది ఖుర్షిదా.

"అదేనమ్మా నేననేది. చూడంగానే జున్నని తెలిసిపోతంది."

అసలు సంగతేమిటంటే, మొదటి రోజు నుంచీ జాన్ బాషాకు ఆ రెండు రంగుల మధ్య ఆవగింజంత తేడా కూడా కనిపించలేదు. ఇంట్లో ఆడవాళ్ళకు కనిపిస్తోంది, తమ్ముడికి కనిపిస్తోంది, ఇప్పుడు ముగ్గురు పెద్దమనుషులకూ కనిపించింది. తనకొక్కడికే కనిపించలేదంటే పెద్దరికం ఏం కావాలి? అందుకని గంభీరంగా తల ఊపుతూ కూర్చున్నాడు. ఆ హాల్లో తల ఊపిన ప్రతివాడూ అందుకే ఊపుతున్నాడని ఆయన ఊహించలేదు.

బాపయ్య తీర్పు చెప్పాడు. "మేం కొత్తగా చెప్పేదేముంది బాషా, నువ్వు వేసిన బాటే గదా. చెరిసగం. నీ గదుల వైపు సగం కోవా, తమ్ముడి గదుల వైపు సగం జున్ను. ఏమంటావ్?"

ఆ మాట జాన్ బాషా వందలసార్లు అన్నాడు గానీ వినడం ఇదే మొదటిసారి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఆయన ముందు రచ్చ గెలిచేశాడు. కాదంటే ఇన్నేళ్ళ తీర్పులు తప్పని తన నోటితోనే ఒప్పుకున్నట్టు. "మీ మాటే" అన్నాడు.

షఫీక్ హాలును సగానికి కొలిచి ఈ సగం కోవా, ఆ సగం జున్ను వేసి వెళ్ళిపోయాడు. తడి ఆరాక తీర్పు అమలైన తీరు చూడటానికి పెద్దమనుషులు మళ్ళీ వచ్చారు. అన్న గదుల నుంచి తమ్ముడి గదుల దాకా నడిచారు, వెనక్కి నడిచారు. కోవా ఎక్కడ ఆగిందో జున్ను ఎక్కడ మొదలైందో వాళ్ళకు అందలేదు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటిగా, ప్రశాంతంగా ఉంది. కేటలాగులో రాసింది నిజమే. కానీ పెద్దమనుషులకు అది ప్రశాంతతలా తోచలేదు, అవమానంలా తోచింది.

"తీర్పంటూ ఇచ్చాక అది కళ్ళకి కనపడాలి గదా" అన్నాడు బాపయ్య.

"పెళ్ళయిందంటే పదిమందికీ తెలియాలా వద్దా" అన్నాడు అబ్దుల్ ఖాదర్.

అందువల్ల రెండు రంగుల మధ్య నాలుగు వేళ్ళ వెడల్పున ఒక గీత గీయాలని అనుబంధ తీర్పు వెలువడింది. ఈ గోడ మీద కప్పు నుంచి కిందికి దిగి, హాలు మధ్యగా నేల మీదుగా సాగి, ఎదుటి గోడ ఎక్కి మళ్ళీ కప్పును తాకాలి. గీత ఏ రంగులో ఉండాలన్న ప్రశ్నకు అక్కడున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో తేజ మిరపకాయ ఎరుపు అన్నారు. ఎరుపు విషయంలో గుంటూరు సీమలో ఎవరి కళ్ళూ పొరపాటు పడవు. గీత గీసిన మర్నాటి నుంచి ఊరంతా దాన్ని గట్టు అనే పిలిచింది, ఊరు కూడా కోవా వాళ్ళూ జున్ను వాళ్ళూ అని రెండయింది.

గట్టు వచ్చాక హాలుకు ఒక క్రమశిక్షణ వచ్చింది. స్విచ్ బోర్డు జున్నులో పడింది, టీవీ కోవాలో పడింది. ఫ్యాను వేసుకోవాలంటే రహమతున్నీసా ఖుర్షిదాను అడిగేది, సీరియల్ చూడాలంటే ఖుర్షిదా రహమతున్నీసాను అడిగేది, ఇద్దరూ చాలా మర్యాదగా అడిగేవాళ్ళు. గోడ గడియారం సరిగ్గా గట్టు మీద ఉండటంతో దాని బ్యాటరీ అయిపోయినప్పుడు ఎవరూ మార్చలేదు. వచ్చిన చుట్టం ఎవరి తరఫు చుట్టమో చూసుకుని ఆ వైపు కూర్చోవాలి. ఇద్దరి తరఫు చుట్టాలు రావడం మానేశారు.

రాత్రి భోజనాలకు మాత్రం దస్తర్‌ఖాన్ గట్టు మీదుగానే పరిచేవారు. గుడ్డ కింద గీత కనపడదు గదా అని జాన్ బాషా ధైర్యం తెచ్చుకున్నాడు. గట్టుకు ఇవతల ఆయన, అవతల రసూల్, భుజాలు తగిలేలాగే కూర్చునేవారు. కొన్నాళ్ళకు కూర గిన్నెలు రెండయ్యాయి. పచ్చడి ఒకటే ఉంది కదా అని ఆయన సంతోషించాడు. ఇంకొన్నాళ్ళకు పచ్చళ్ళూ రెండయ్యాయి. ఇంకా అన్నం గిన్నె ఒకటే ఉంది కదా అనుకున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు టీ తాగుతూ గోడ వంక చూసిన జాన్ బాషా గ్లాసు కింద పెట్టేశాడు. గట్టు చెక్కారు.

చెక్కిన గట్టును ఆయన నాలుగు చేల అవతల నుంచి పోల్చుకోగలడు, ఇంట్లో పోల్చుకోలేడా? దగ్గరికి పోయి చూశాడు. జున్ను వైపు నుంచి అర వేలు మేర ఎరుపు మీద కొత్త రంగు కప్పి ఉంది. వేలితో తాకితే ఇంకా జిగటగా ఉంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఎవరో మిగిలిన రంగు డబ్బా, బ్రష్షు తెచ్చి పని కానిచ్చారు. ఆవేశంగా వెనక్కి తిరగబోతూ ఇవతలి వైపు కూడా చూశాడు. కోవా వైపు నుంచి కూడా అర వేలు పోయింది. ఎవరెవరు చేశారో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు.

మామూలుగా అయితే ఆయన మర్నాడే పంచాయతీ పెట్టించేవాడు. ఈసారి మాత్రం కుర్చీలో కూలబడి ఆలోచనలో పడ్డాడు. రెండు వైపుల నుంచీ చెక్కితే గట్టు జరగదు, సన్నబడుతుంది. చేలో అయితే గట్టు పూర్తిగా పోయాక తలకాయలు పగులుతాయి. ఇక్కడ గట్టు పోతే ఏమవుతుంది? కోవా వచ్చి జున్నును తాకుతుంది. ఎక్కడ తాకిందో ఏ పెద్దమనిషీ చెప్పలేడు. హాలు మళ్ళీ ఒక్కటవుతుంది.

మనుషుల ఆశపోతుతనం మీద జాన్ బాషాకు జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది. రోజూ మధ్యాహ్నం కాగానే తానే ముందు గదిలోకి పోయి తలుపు వేసుకుని, గురక పెడుతున్నట్టు నటించేవాడు. లేచి వచ్చి చూస్తే గట్టు కొంచెం సన్నబడి ఉండేది. ఇలా చెక్కినంత కాలం మరదలూ భార్యా ఎంతో ప్రేమగా మాట్లాడుకునేవారు. నాలుగు వేళ్ళ గట్టు రెండు వేళ్ళయింది, వేలయింది, చివరికి గోడ మీద ఎర్రదారం అతికించినట్టు మిగిలింది. నేల మీది గీత ఎలాగూ చీపురు దెబ్బలకు చెరిగిపోవచ్చింది. ఇంకొక్క మధ్యాహ్నం చాలనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కల్లంలో కాయ ఆరబోసే పని వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ కూలీలను చూసుకోవడానికి పొద్దున్నే కల్లానికి పోయి చీకటి పడ్డాక వస్తున్నారు. చెక్కే నాథుడు లేక దారం దారంలాగే ఉండిపోయింది. ఒడ్డుకు వచ్చిన పడవ ఇసుకలో దిగబడినట్టయింది జాన్ బాషా పని. ఎన్నాళ్ళని చూస్తాడు? ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసి, మెట్ల కింద డబ్బాలు బయటికి తీశాడు. ఏ డబ్బా కోవాదో ఏ డబ్బా జున్నుదో పైన కారిన రంగులో కంపెనీ పేర్లు కలిసిపోయి తెలియలేదు. ఎలాగూ తేడా లేదు గదా అని ఒకదాంట్లోనే బ్రష్షు ముంచి ఈ వైపూ ఆ వైపూ రాసేశాడు. ఒక గోడ మీద దారం పోయింది. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గోడ. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాషా, మిరప తోటకి నల్లి బాగా పట్టింది, మంచి మందేదన్నా..." అంటూ తలుపు తోసుకుని వచ్చిన బాపయ్య అక్కడే ఆగిపోయాడు. "ఏందది బాషా? బ్రష్షా?"

పొద్దుగూకే లోపు ఊరంతా పాకింది. గట్టు తగాదాలు తీర్చే పెద్దమనిషి సొంత ఇంట్లో, సొంత తమ్ముడి గట్టు చెక్కుతూ పట్టుబడ్డాడు. కంచే చేను మేసిందన్నారు. ఆయన దగ్గర ఓడిపోయినవాళ్ళు, అంటే ఆయన దగ్గరకు వచ్చిన ప్రతివాళ్ళూ, ఆనాడు తృప్తిగా భోజనం చేశారు. మర్నాడు మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఈసారి బజ్జీలు లేవు.

జాన్ బాషా లేచి నిలబడ్డాడు. "నేను దొంగతనంగా చేసింది నిజమే. ఎవరి వాటా కోసమూ చేయలా. ఈ రెండు రంగులకీ తేడా నాకు మొదట్నుంచీ కనపడట్లా. మీకు కనపడతందా? ఒట్టేసి చెప్పండి. లేని తేడాకి గట్టెందుకు పెద్దయ్యలూ? నా ఇల్లు నాకు ఒక్కటిగా ఉంటే చాలు."

ఆయన చెప్పింది నిజమని అక్కడున్న ప్రతి ప్రాణికీ తెలుసు. కానీ ఒప్పుకుంటే ఏమవుతుంది? ముగ్గురు పెద్దమనుషులు అబద్ధం ఆడినట్టవుతుంది. తోడికోడళ్ళు ఇంతకాలం ఏ కారణమూ లేకుండానే పోట్లాడుకున్నట్టవుతుంది. ఊరు ఊరంతా కోవా వాళ్ళూ జున్ను వాళ్ళూ అని విడిపోయి, టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవడం మానేసింది, అది దండగైనట్టవుతుంది. గేదె పాలు పోయినవాళ్ళు, నీడ పోయినవాళ్ళు కూడా లేచి మా సంగతేమిటని అడగవచ్చు. ఒక్కడి కోసం ఊరంతా గుడ్డిదవడం కన్నా, ఊరి కోసం ఒక్కడు గుడ్డివాడవడం మేలని పెద్దమనుషులకు ఏకకాలంలో తోచింది.

నాగేంద్రబాబు చాలా దయగా మాట్లాడాడు. "బాషా గారు మనందరికీ కావాల్సిన మనిషి. గట్టు చెక్కాడంటే ఆయనకే కాదు, మన అందరికీ తలవంపులు. అదే, కళ్ళు సరిగ్గా ఆనక పొరపాటున రాశాడనుకోండి, తప్పేముంది? వయసు మీద పడ్డాక ఎవరికైనా వచ్చేదే. దొంగతనమా, చూపు తక్కువా, ఏదో ఒకటి ఆయన్నే చెప్పమనండి."

"నాకు చూపు బ్రహ్మాండంగా ఉంది" అనబోయాడు జాన్ బాషా. ఈ లోపల రసూల్ లేచాడు. పుట్టి బుద్ధెరిగి అన్న మాట్లాడుతుండగా అతను నోరెత్తలేదు. ముఖం కందిపోయి ఉంది.

"మా అన్న గట్టు చెక్కే మనిషి కాదు" అన్నాడు. "అన్నకి కళ్ళు కనపడట్లా. నేను చెప్తన్నా. ఇంకెవరన్నా ఇంకో మాట అంటే ఊరుకోను."

జాన్ బాషా తమ్ముడి వంక చూశాడు. వాడికి అంత కోపం తన కోసం వచ్చింది. ఇప్పుడు తనకు కళ్ళు కనపడతాయని అంటే ఊరి ముందు రసూల్ అబద్ధాలకోరు అవుతాడు. పెద్దమనుషుల ముగ్గురి మాటా తీసి పారేయగలడు గానీ వాడి మాట ఎలా తీసేస్తాడు? కుర్చీలో కూర్చుని, కళ్ళు నులుముకుని, "అవును, ఈ మధ్య సరిగ్గా ఆనట్లా" అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

నాగేంద్రబాబు తన కారులోనే ఆయన్ని గుంటూరు కళ్ళ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు అక్షరాలు చదివించాడు, చుక్కల బొమ్మల పుస్తకం చూపించాడు. జాన్ బాషా అన్నీ గడగడా చెప్పేశాడు.

"నిక్షేపంలా ఉన్నాయి మీ కళ్ళు" అన్నాడు డాక్టరు.

"అట్టా అనకండి డాక్టర్ గారూ, ఎంతో ఆశతో తీసుకొచ్చాం. ఇంకోసారి చూడండి" అన్నాడు నాగేంద్రబాబు.

జాన్ బాషాకు ప్రాణం లేచొచ్చింది. చదువుకున్న వాడు, ఊరితో సంబంధం లేనివాడు దొరికాడు గదా అని జేబులోంచి కేటలాగు తీసి, ఆ రెండు గళ్ళ మీదా వేలు పెట్టి, "అయ్యా, ఈ రెంటికీ తేడా ఏమన్నా ఉందా?" అని అడిగాడు. డాక్టరు కేటలాగును దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. కళ్ళ డాక్టరై ఉండి కనపడలేదనడం ఎలా?

"చాలా ఉంది" అన్నాడు. "మీకు తెలియట్లేదా? అయితే ఆలోచించాల్సిన విషయమే." చుక్కల మందు, నల్ల కళ్ళజోడు రాసి, దుమ్మూ ధూళీ తగలకుండా కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు.

ఆ విశ్రాంతి గుంటూరులోనే, చెల్లెలు జహీరున్నీసా ఇంట్లో జరిగింది. ఈ లోపు వేములమిట్టలో పెద్దమనుషులు ఊరికే కూర్చోలేదు. గీత అయితే కళ్ళుండి చూసుకోవాలి, గోడ అయితే చేత్తో తడుముకున్నా తెలుస్తుంది, చూపు లేని మనిషికి అదే క్షేమం అని రసూల్‌కు నచ్చజెప్పారు. అన్న మీద మళ్ళీ మాట రాకూడదని రసూల్ తానే ఇటుకలు మోశాడు, గీత ఉన్న చోటే హాలు మధ్య నేల నుంచి కప్పు దాకా గోడ కట్టించాడు. గోడకు ఇటు కోవా, అటు జున్ను వేయించాడు. వంటింటి గుమ్మం, వీధి గుమ్మం రెండూ కోవా వైపే పడి, అవతలి వాళ్ళు వంటింటికి రావాలంటే కొత్త గుమ్మం పెట్టుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి రావాలి కాబట్టి, తాత్కాలికంగా అటు ఇంకో పొయ్యి పెట్టారు. తాత్కాలికంగా పెట్టిన పొయ్యిలు ఎన్నాళ్ళుంటాయో ఆ ఊళ్ళో జాన్ బాషాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నల్ల కళ్ళజోడుతో కారు దిగిన ఆయన్ని పెద్దమనుషులు చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ముందు కోవా వైపు నిలబెట్టి చూపించారు. మళ్ళీ బయటికి తెచ్చి, వీధి వెంట తిప్పి, కొత్తగా పెట్టిన గుమ్మంలోంచి జున్ను వైపు తీసుకుపోయి చూపించారు. బాపయ్య ఇటు చూసి వచ్చాడు, అటు చూసి వచ్చాడు. అబ్దుల్ ఖాదర్, నాగేంద్రబాబు కూడా చూసి వచ్చారు. రెండూ ఒకేసారి చూసే వీలు ఎవరికీ లేకపోయేసరికి తేడా ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనపడుతోందని ముగ్గురూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఈసారి ఎవరూ అబద్ధం ఆడలేదు.

"తెలుస్తందా అన్నా?" అన్నాడు రసూల్. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. అన్న పరువు కాపాడానన్న సంతోషంతో ముఖం వెలిగిపోతోంది.

జాన్ బాషా కళ్ళజోడు తీయలేదు. "తెలుస్తందిరా" అన్నాడు. "బాగా తెలుస్తంది."

ఆయన తెచ్చుకున్న చూపుకు ఊరంతా సంతోషించింది. ఇప్పుడు ఆ ఇంటికి దూరం నుంచి కూడా జనం వస్తున్నారు. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు, రంగు ఎంచుకోలేక సతమతమయ్యేవాళ్ళు, రెండూ పోల్చి చూసుకుందామని వచ్చి, ఒక్కటే చూసి, సంతృప్తిగా వెళుతున్నారు. మీరూ నిరభ్యంతరంగా రావచ్చు. వీధిలో రెండు గుమ్మాలు ఉంటాయి, ఏ గుమ్మం ఎక్కినా కాఫీ ఇస్తారు, ఎక్కేముందు మాత్రం మీరు ఏ వైపు వాళ్ళు అని అడుగుతారు. నవ్వకండి. రంగులు రెండూ చూడకముందే అడిగే ఈ ప్రశ్నకు జవాబు తెలియక తడబడిన మనిషి ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.